సర్కారు తుమ్ము

తెలంగాణ రాష్ట్రం వచ్చి నాలుగేళ్లు కావస్తున్న ఫిబ్రవరిలో నన్ను ఆడవాళ్ల సర్జికల్ వార్డు నుంచి ఈఎన్‌టీ ఓపీకి డెప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను హెడ్ నర్సును. పాలమూరు వైపు ఒక సర్కారు దవాఖాన. పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో తప్పు నాది, దవాఖానది కాదు. ఆర్డరులో "అలర్జీ క్లినిక్ నిర్వహణ నిమిత్తం" అని ఘనంగా ఉంది. వెళ్లి చూస్తే క్లినిక్ అంటే మెట్ల కింద ఒక గది, ఒక బల్ల, రెండు స్టూళ్లు, ఒక చిన్న ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌లో ఎవరిదో పెరుగు డబ్బా ఉంది. దాన్ని తీయించడానికే నాకు రెండు రోజులు పట్టింది.

నా పేరు రూతమ్మ. నల్లగొండ జిల్లాలో దేవరకొండ దగ్గర పల్లె మాది. మా నాయిన కూలికి పోయి నన్ను నర్సింగ్ చదివించాడు. నా చేతిరాత మంచిది, నోరు మంచిది కాదు అని తోటి నర్సులు అనేవారు. రెండూ నిజమే. అయితే నోటి వల్ల నాకు ఎన్నడూ పెద్ద నష్టం రాలేదు. ఈ సంగతిలో నన్ను ముంచింది ఆ మంచి చేతిరాతే.

క్లినిక్ మంగళ, శుక్రవారాల్లో నడిచేది. ఏళ్ల తరబడి తుమ్ములతో, కారే ముక్కుతో వచ్చేవాళ్లకు గాలిలో ఉండే ఏ పదార్థం పడటం లేదో చర్మం మీద తేల్చడం మా పని. ముంజేతి లోపలి వైపు స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, పెన్నుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేస్తాం. ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క. ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు ఒకటి, బొద్దింక ఒకటి, బూజు ఒకటి, తక్కినవి రకరకాల పుప్పొళ్లు. చుక్క మీద సన్నటి ములుకుతో చర్మాన్ని అలా గీరీ గీరనట్టు పొడుస్తాం. ఒక్కో చుక్కకు ఒక్కో కొత్త ములుకు. రక్తం రాకూడదు. వచ్చిందంటే పొడిచినవాళ్లకు పని రాదన్నమాట. తర్వాత చుక్కల్ని అద్ది తీసేసి పదిహేను నిమిషాలు ఆగాలి. పడని పదార్థం ఉన్న చోట దోమ కుట్టినట్టు దద్దు లేస్తుంది. దాన్ని పారదర్శకంగా ఉండే స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాస్తాం.

మొదటి రెండు చుక్కలు సాక్షులు. ఒకటో నంబరు హిస్టమిన్. అది ఎవరి చేతి మీద వేసినా దద్దు లేవాలి. రెండో నంబరు ఉప్పునీళ్లు, అది ఎవరికీ లేవకూడదు. ఈ సాక్షులు సరిగా చెప్పకపోతే తక్కిన ఆరూ ఏం చెప్పినా నమ్మకూడదు.

పరీక్షకు ఒక పెద్ద అడ్డంకి ఉంది. తుమ్ములకు వాడే మాత్రలు, కొన్ని దగ్గు సిరప్పులు ఒంట్లో ఉంటే దద్దు లేవనే లేవదు. అందుకని వారం ముందు నుంచి వాటిని ఆపాలి. ఈ సూచన ఒక కాగితం మీద రాసి రోగులకు ఇమ్మని మా డాక్టరు సారు నాకు అప్పగించారు. సారుది గుంటూరు వైపు, వయసులో నాకంటే చాలా చిన్నవారు, మెత్తటి మనిషి. నేను అరగంట కూర్చుని ఇలా రాశాను: "పరీక్ష తేదీకి ఏడు దినములు ముందు నుండి మందులు పూర్తిగా మానివేయవలెను." జిరాక్సులు తీయించి, ప్రతి కాగితం కింద క్లినిక్ గుండ్రటి ముద్ర కొట్టాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే ఒక కాపీ గోడకు కూడా అంటించాను.

అంజయ్య వచ్చింది మార్చిలో ఒక శుక్రవారం, భార్య పద్మతో. నలభై ఏళ్లుంటాయి. ఖాకీ చొక్కా, మెడలో తుండుగుడ్డ, తుడిచి తుడిచి ఎర్రబడ్డ ముక్కు. కొత్తకోటలో హైవే పక్కనున్న అడ్డాలో ఆటో నడుపుతాడు. బాధేమిటని అడిగితే తుమ్ములన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే మూడేళ్లన్నాడు. సరే, ఏం కావాలని ఇంత దూరం వచ్చావంటే అతను చెప్పిన మాటకు నేను పెన్ను పక్కన పెట్టాను.

"నా తుమ్ము రోగమని ఒక కాయితం రాసియ్యుండ్రి సిస్టర్."

రోగం లేదని రాసిమ్మని ఉద్యోగాల కోసం వచ్చేవాళ్లను చూశాను. ఉందని రాసిమ్మని సెలవుల కోసం వచ్చేవాళ్లను అంతకంటే ఎక్కువ చూశాను. తుమ్ముకు గుర్తింపు కాగితం అడిగినవాడు నా సర్వీసు మొత్తంలో ఇతనొక్కడే.

విషయం ఏమిటంటే అడ్డాలో ఆటోలకు నంబర్లుంటాయి. మన నంబరు వచ్చేదాకా గంటో, గంటన్నరో అక్కడే కూర్చోవాలి. అంజయ్యది పదకొండో నంబరు. వరుస రాగానే ఊళ్లకు పోయే జనం ఎక్కి సర్దుకుంటారు. అంజయ్య తాళం తిప్పుతాడు. సరిగ్గా అప్పుడు తుమ్ముతాడు. ఆ తర్వాత ఏమవుతుందో మన దగ్గర ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆటోలో ఒకరు పెళ్లిచూపులకు పోతుంటారు, ఒకరు భూమి రిజిస్ట్రేషనుకు, ఒకరు పిల్లను కాలేజీలో వేయడానికి. అందరూ దిగి వెనక ఆటో ఎక్కుతారు.

"ఒక్కటి తుమ్మితె దిగుతరు, రెండు తుమ్మితె మంచిదని కూసుంటరు. నాకు ఏడు, తొమ్మిది వస్తయ్ సిస్టర్. లెక్కవెట్టుకుంట కూసుంటరు. బేసి వచ్చిందంటె బండి ఖాళీ," అన్నాడు.

బేసిని సరి చేయడానికి అతను కొంత ప్రయత్నం కూడా చేశాడు. ఏడు దగ్గర ఆగిపోతే తుండుగుడ్డ కొసను మెలిపెట్టి ముక్కులో దూర్చి ఎనిమిదోది తెప్పించేవాడు. కొన్నాళ్లు సాగింది. ఒకరోజు ఒక ముసలవ్వ అది చూసి, "తెచ్చుకున్న తుమ్ము చెల్లది బిడ్డా," అని తీర్పు చెప్పి దిగిపోయిందట. ఆ తీర్పు అడ్డా అంతా పాకింది.

నాకు నవ్వు వచ్చింది. పద్మ నవ్వలేదు. అడ్డాకు పెద్ద జంగయ్య అనే ఆయన. ఉగాది దాకా చూస్తామని, అప్పటికీ ఇలాగే ఉంటే పదకొండో నంబరు వేరేవాళ్లకు ఇస్తామని చెప్పాడట. అతని వల్ల తక్కిన ఆటోలకూ చెడ్డపేరు వస్తున్నదని, కొందరు అడ్డాకే రాకుండా బస్సుకు పోతున్నారని అందరి ఫిర్యాదు. "రోగమైతె ఓర్సుకుంటం, అపశకునమైతె ఎట్ల ఓర్సుకుంటం?" అన్నాడట జంగయ్య. ఆయన తర్కంలో నాకు పెద్ద తప్పు కనపడలేదు.

"నంబరు పోతె ఆటో ఉండి ఏం జేస్తది సిస్టర్, ఇంటి ముంగట వెట్టుకొని జూసుకుంట కూసోవాల్నా?" అంది పద్మ.

అపశకునాల మాట వస్తే నేను ఎవరినీ వెక్కిరించలేను. మా ఇంట్లో అందరం ఆదివారం చర్చికి పోయేవాళ్లమే. మా అవ్వ ప్రార్థన చేయనిదే గడప దాటేది కాదు. గడప దగ్గర ఎవరైనా తుమ్మితే మాత్రం వెనక్కి వచ్చి కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, ఇంకో ప్రార్థన చేసి బయలుదేరేది. మొదటి ప్రార్థన ఏమైందని అడిగితే దెబ్బలు పడేవి.

డాక్టరు సారు అంజయ్య ముక్కులో లైటు వేసి చూశారు. లోపలి పొర పాలిపోయి ఉబ్బింది. అలర్జీ లాగే ఉంది కానీ, దేనివల్లో పరీక్షలో తేలాలి, తేలితే ఆ మాట చీటీ మీద రాస్తానన్నారు. వచ్చే శుక్రవారం రమ్మన్నారు. నేను నా కాగితం ఇచ్చి చదివి వినిపించాను. కాగితం వాళ్ల తలకెక్కలేదేమోనని మామూలు మాటల్లో కూడా చెప్పాను. అంతకుముందే అతను దగ్గు సిరప్ తాగేవాణ్నని చెప్పి ఉన్నాడు కనుక దాన్ని మనసులో పెట్టుకుని, "మందు బంద్. ఏడు దినాలు. ఒక్క చుక్క గూడ వద్దు," అన్నాను.

అంజయ్య ముఖం వాడిపోయింది. పద్మ ముఖం వికసించింది.

"ఒక్క చుక్క గూడనా సిస్టర్?" అని ఆమె అడిగింది. ఒక్క చుక్క కూడా అన్నాను. "మల్లొకపారి ఆయన దిక్కు జూసి చెప్పుండ్రి," అంది. ఆయన వైపు చూసి, వేలు చూపించి, ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో దాచుకుంది. నా సూచనలకు ఇంత విలువ ఇచ్చిన మనిషిని చూసి నేను ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

తర్వాతి శుక్రవారం ఇద్దరూ అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు. ఉగాదికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. అంజయ్య చిరాకుగా, నిద్ర చాలనట్టు కనిపించాడు. బీపీ చూశాను, బాగానే ఉంది. ఎందుకైనా మంచిదని ట్రేలో అడ్రినలిన్ ఇంజక్షన్ సిద్ధంగా పెట్టుకోవడం నియమం, పెట్టుకున్నాను. చేయి తుడిచి, అంకెలు వేసి, ఎనిమిది చుక్కలు వేసి పొడిచాను. గోకొద్దని చెప్పి గడియారం చూశాను.

పదిహేను నిమిషాల తర్వాత చూస్తే చేయి నున్నగా ఉంది. ఎనిమిదింటిలో ఒక్కటీ లేవలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఇచ్చాను. నా పెన్ను అంకెలు తప్ప ఆ చేతి మీద ఏమీ లేదు.

ఆరూ లేవకపోవడం వేరు, ఒకటో నంబరు లేవకపోవడం వేరు. నాకు మొదట ఫ్రిజ్ మీద అనుమానం వచ్చింది. ముందురోజు కరెంటు చాలాసేపు పోయింది. హిస్టమిన్ చెడిపోయిందేమోనని నా చేతి మీదే ఒక చుక్క వేసుకుని పొడుచుకున్నాను. పది నిమిషాల్లో చక్కగా దద్దు లేచి దురద పెట్టింది. మందు మంచిదే. అంటే లోపం అంజయ్య ఒంట్లో ఉందన్నమాట.

"మందు బంద్ వెట్టినవా లేదా?" అని అడిగాను. నా గొంతు కొంచెం పెద్దదే.

"పెట్టిన సిస్టర్. నా పిల్లల మీద ఒట్టు."

"నేను సాచ్చెం," అంది పద్మ. "ఒక్క చుక్క ముట్టలేదు. పొద్దుమీకంగనె నేనే పోయి అడ్డా కాడికెల్లి ఇంటికి తోలుకొస్తున్న."

దగ్గు సిరప్ తాగకుండా ఉండటానికి మనిషిని సాయంత్రం ఇంటికి తోలుకురావడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈలోగా ఇంకో సంగతి తట్టింది. పొద్దుట నుంచి ఇతను ఒక్కసారి కూడా తుమ్మలేదు. అదే అడిగాను.

"గీ వారం తుమ్ములు తక్వనే ఉన్నయ్ సిస్టర్. గోలీలు ఏస్కుంటున్న గద," అన్నాడు అంజయ్య, మెప్పు కోసం చూస్తున్నట్టు. "ఉత్తప్పుడు నిద్రొస్తదని ఏస్కోను. పరీచ్చ గదా, మంచిగ రావాల్నని రోజుకు రెండు మింగిన."

పక్క గదిలోంచి అప్పుడే వచ్చిన డాక్టరు సారు గుమ్మంలో ఆగిపోయారు. "గోళీలు మింగాడా?" అన్నారు. వాళ్ల వైపు గోళీలంటే పిల్లలు ఆడుకునే గాజు గోళీలు. ఎక్స్‌రే తీయించమంటారేమోనని నేను కంగారుపడ్డాను. ఇంతలో అంజయ్య చొక్కా జేబులోంచి తుమ్ముల మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. పదిహేను అరల్లో పద్నాలుగు ఖాళీ.

"మందు బంద్ వెట్టుమన్నరు, వెట్టిన. గోలీలు బంద్ వెట్టుమని ఎవ్వలన్నరు?"

ఎవరూ అనలేదు. గోడ మీద నా వాక్యం నా వైపే చూస్తోంది. మా వైపు రోజూ పొద్దుమీకి తాగేది మందు. పత్తి చేనుకు కొట్టేది మందు. జబ్బు చేసినప్పుడు దవాఖానలో ఇచ్చేది గోలి, సూది, తాగే శీషా. మా అవ్వకు తలనొప్పి వస్తే "గోలి తే బిడ్డా" అనేదే తప్ప ఎన్నడూ మందు అడగలేదు. అడిగి ఉంటే ఇంట్లో పెద్ద గొడవే అయ్యేది. నేను కూడా ఇంట్లో గోలి అనే అంటాను. అలాంటిది కాగితం ముందు కూర్చోగానే హెడ్ నర్సు హోదా గుర్తుకొచ్చి "మందులు మానివేయవలెను" అని రాశాను. అది చాలదన్నట్టు ఒక్క చుక్క కూడా వద్దని వేలు చూపించి మరీ చెప్పాను. ఆ మనిషి నా మాట ప్రకారం ఏడు రోజులు తాగుడు మానేశాడు, గోలీలు రెట్టింపు చేశాడు. తప్పు పట్టడానికి నాకు చోటే లేదు.

పద్మ వైపు చూశాను. ఆమె శ్రద్ధగా గోడ క్యాలెండరు చూస్తోంది.

"నీకు తెల్సునా?" అన్నాను.

క్యాలెండరు మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "మీరు దేన్నన్నరో గానాడే సమజైంది సిస్టర్. గని సర్కారు ముద్దరేసి ఒక్క చుక్క గూడ వద్దని మీరే అంటుంటె నేనెందుకు కాదనాలె? ఏడు దినాలు నా ఇల్లు ఎంత నిమ్మళముండెనో మీకు తెల్వది."

అంజయ్య ఆమె వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపంగా చూడబోయి కుదరక, తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

డాక్టరు సారు ఈ పరీక్ష లెక్కలోకి రాదని, గోలీలు ఆపి మళ్లీ శుక్రవారం రమ్మని చెప్పారు. అంటే ఉగాదికి రెండు రోజుల ముందు. అంతకు ముందుకు జరపడానికి వీల్లేదు, ఏడు రోజులంటే ఏడు రోజులే. వాళ్లు లేచి బయటికి నడుస్తుండగా పద్మ ఒక్కతే వెనక్కి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. గోలీలతో పాటు అది కూడా బంద్ పెట్టమని ఇంకోసారి చెప్పమంది. పరీక్షకు అవసరమని చెబితే చాలట, ఆయన నా మాట వింటాడట.

ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఒక్క అబద్ధంతో ఆ ఇంట్లో ఇంకో వారం నిమ్మళంగా ఉంటుంది. కానీ ముద్ర ఉన్న కాగితం మీద తెలియక తప్పు రాయడం ఒకటి, తెలిసి రాయడం ఇంకొకటి. సారును అడిగాను. ఆయన ఆలోచించి, తాగుడు పరీక్షకు అడ్డం కాదు గానీ, తాగితే ముక్కు లోపలి పొర ఇంకా ఉబ్బి ముక్కు మూసుకుపోతుంది, ఆ మాట నిజమే కదా అన్నారు. అప్పుడు అంజయ్యను మళ్లీ పిలిచి చీటీ మీద రెండు లైన్లు రాశాను. గోలి, దగ్గు సిరప్పు బంద్, పరీక్ష కోసం. మందు బంద్, ముక్కు కోసం. రెండూ నిజాలే. పద్మ ఈ చీటీని కూడా జాకెట్‌లోనే దాచింది. అతను బల్ల మీద పెట్టిన పట్టీని నేను గోడ మీది కాగితానికి పిన్ను కొట్టి, "మందులు" అన్న మాట కొట్టేసి పైన "గీ గోలీలు" అని రాశాను. నా చేతిరాతలో ఆ మాట మొదటిసారి చూసి మా వార్డుబాయ్ కళ్లజోడు సర్దుకున్నాడు.

ఆ వారం మధ్యలో పద్మ ఫోను చేసింది. చేతి మీద ఏమీ లేవలేదన్న కబురు వాళ్లకంటే ముందే అడ్డాకు చేరిందట. చెల్లని పరీక్ష అన్న ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. దవాఖానవాళ్లకు కూడా దొరకలేదంటే అది రోగం కానే కాదని జంగయ్య తేల్చేశాడట. పదకొండో నంబరు కోసం ఒకరు అప్పుడే అడుగుతున్నారట. గోలీలు ఆపేసరికి అంజయ్యకు తుమ్ములు మళ్లీ ఊపందుకున్నాయి. అడ్డాకు పోయే ముఖం లేక ఇంట్లోనే ఉన్నాడు. "గీపారి లేవకపోతె ఎట్ల సిస్టర్?" అని ఆమె అడిగింది. లేస్తుందని నేను చెప్పలేకపోయాను. లేవకపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు పని మీద మనసు నిలవలేదు. నా ఒక్క మాట వల్ల ఆ మనిషి బతుకుదెరువు పోతుందేమోనని భయం వేసింది, అది దాచను.

శుక్రవారం అంజయ్య తుమ్ముతూ వచ్చాడు. చేయి కదలకుండా ఉంటేనే పొడవడం కుదురుతుంది. అందుకని తుమ్ములు ఆగేదాకా ములుకు పట్టుకుని నిలబడ్డాను. తెలియకుండానే లెక్కపెట్టాను కూడా. పదకొండు. తన ఆటో నంబరే వచ్చిందని అతనే అన్నాడు. చుక్కలు వేసి పొడిచాను. పద్మ గోడ గడియారం వైపు, నేను చేతి వైపు, అంజయ్య కళ్లు మూసుకుని.

ఒకటో నంబరు ఐదు నిమిషాలకే లేవడం మొదలుపెట్టింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. రెండో నంబరు, ఉప్పునీళ్లు, అలాగే ఉంది. దుమ్ము పురుగు లేదు, బొద్దింక లేదు, బూజు లేదు. ఏడో నంబరు దగ్గర మాత్రం చర్మం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లగా ఉబ్బింది, పదిహేను నిమిషాలయ్యేసరికి శనగ గింజంత అయింది. స్కేలు పెడితే తొమ్మిది మిల్లీమీటర్లు. ఉప్పునీళ్ల చుక్క కంటే మూడు ఎక్కువుంటే చాలు మాకు.

"గోకాల్నని పానం గుంజుతుంది సిస్టర్," అన్నాడు అంజయ్య. అంత మంచి మాట నేను ఆ నెలలో వినలేదు.

"ఏడో నంబరు అంటే ఏంది?" అని పద్మ అడిగింది.

"సర్కారు తుమ్మ."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోడ్ల పక్కన, బీళ్లలో, ఎక్కడ పడితే అక్కడ పెరిగే ముళ్ల చెట్టు. మా వైపు దాన్ని తెలియనివాళ్లు లేరు. ఎండాకాలం మొదట్లో పచ్చటి తోకల్లాంటి పూలు పూసి పుప్పొడి రాలుస్తుంది. అడ్డా ఎక్కడుందని అడిగాను. హైవే పక్కన ఖాళీ జాగా, దాని నిండా సర్కారు తుమ్మ పొదలే. పదకొండో నంబరు ఆటో నిలిచేది సరిగ్గా ఆ కొమ్మల కింద. నీడ ఉంటుందని ఆ చోటు మూడేళ్ల కింద అంజయ్యే కోరి తీసుకున్నాడట. వరుస వచ్చేదాకా గంటన్నర ఆ పుప్పొడి పీల్చుకుంటూ కూర్చుంటే, తాళం తిప్పే వేళకు తుమ్ములు రాక ఏమొస్తాయి? బయలుదేరేటప్పుడే ఎందుకన్న ప్రశ్నకు కూడా జవాబు అక్కడే ఉంది.

అంజయ్య ముందు చేయి చూసుకున్నాడు, తర్వాత నవ్వాడు. "అయితె నాది అపశకునం తుమ్ము గాదు. సర్కారు తుమ్ము!" అన్నాడు. డాక్టరు సారుకు ఈసారి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

రికార్డు కోసం మేం ఒక పని చేస్తాం. దద్దు అంచు వెంట పెన్నుతో గీత గీసి, దాని మీద పారదర్శకమైన టేపు అతికించి తీస్తే ఆ గీత టేపుకు అంటుకుంటుంది. దాన్ని రిపోర్టు మీద అంటిస్తాం. అలా అంటించిన రిపోర్టు కాపీ ఒకటి అంజయ్యకు ఇచ్చి, సారు సంతకం చేశాక కింద గుండ్రటి ముద్ర కొట్టాను. అలవాటు కొద్దీ ఒకటి కొడతాను, ఆ రోజు రెండు కొట్టాను. ముక్కులోకి కొట్టుకునే స్ప్రే రాసిచ్చి, నిద్ర వచ్చే గోలీలు వేసుకుని బండి నడపొద్దని చెప్పారు సారు.

తర్వాత జరిగింది పద్మ చెబితే తెలిసింది. జంగయ్య ఆ కాగితాన్ని ఎండకు పెట్టి చూశాడట. టేపు మీద గీతను వేలితో తడిమాడట. ముద్రలు లెక్కపెట్టాడట. రెండు ఉన్నాయి, సరి సంఖ్య. నంబరు పోలేదు. అంజయ్య ఆటోను మాత్రం కొమ్మల కింద నుంచి అడ్డా అవతలి కొసకు, చాయ్ డబ్బా పక్కకు మార్చారు. కాగితానికి లామినేషన్ చేయించి సీటు వెనక తగిలించాడు. ఇప్పుడు ఎప్పుడైనా తుమ్మితే ప్రయాణికులు ఆ కాగితం వైపు చూసి, "నడువ్ నడువ్, సర్కారుదే," అంటారట. తర్వాత ఒకసారి ఇద్దరూ క్లినిక్‌కు వచ్చినప్పుడు మందు సంగతి అడిగితే వారానికి ఒకసారే అన్నాడు అంజయ్య. పద్మ వెనక నుంచి నాలుగు వేళ్లు చూపించింది.

నేను రిటైరైంది ఇంకో నాలుగేళ్లకు. ఆ రోజు నన్ను ఇంటి దగ్గర దింపడానికి అంజయ్య కొత్తకోట నుంచి ఆటో వేసుకుని వచ్చాడు. శాలువాలు, దండలు, తోటి నర్సులు ఇచ్చిన గోడ గడియారం అన్నీ సర్దుకుని ఎక్కాను. గేటు దగ్గర అందరూ చేతులూపుతున్నారు. అతను తాళం తిప్పాడు. దండలో పువ్వు ముక్కుకు తగిలిందో ఏమో, నేను తుమ్మాను. ఒక్కటే.

అంజయ్య ఇంజను ఆపేశాడు.

"ఏందయ్యా, నువ్వు గూడనా? పరీక్ష చేసి చేతిల పెడితిని గద," అన్నాను.

అతను సీటు వెనక లామినేషన్ కాగితాన్ని బొటనవేలితో చూపించాడు. "నా తుమ్ముకు కాయితముంది సిస్టర్. మీ తుమ్ముకేముంది?"

రెండోది రప్పిద్దామని శాలువా కొస చేతిలోకి తీసుకున్నాను గానీ, తెచ్చుకున్న తుమ్ము చెల్లదని గుర్తొచ్చి వదిలేశాను.

ఆ క్లినిక్‌లో నేను నేర్చుకున్నవి రెండే. రోగికి ఇచ్చే కాగితం మీద మన హోదా మాట కాదు, అతని ఇంట్లో వాడే మాట ఉండాలి. రెండోది, పరీక్ష ఏ చేతికి చేస్తే ఆ చేతి సంగతే చెబుతుంది.

ఎంతసేపు ఆగాలని అడిగితే పదిహేను నిమిషాలన్నాడు అంజయ్య, నేనే నేర్పానట. ఒడిలో ఉన్న గోడ గడియారానికి సెల్ వేసి, టైము సరిచేసుకుని, నీళ్లు తాగి కూర్చున్నాం. గేటు దగ్గర చేతులూపుతున్నవాళ్లు చేతులు దించి మళ్లీ లోపలికి పోయారు.